అక్షరాల మీద ఆకు

అత్తయ్యనీ పాపనీ తీసుకొస్తున్న కారు ఊళ్లోంచి బయల్దేరిందని గేటు దగ్గరి కాపలా మనిషి వచ్చి చెప్పేసరికి ఆమె ఇంకా గోనెపట్టా మీద మోకాళ్లు ఆనించి, చేతిలో చిన్న పార పట్టుకుని, ఒక్క మొక్క కూడా నాటకుండా కూర్చుని ఉంది. పక్కన రెండు ట్రేలు. ఒకదాంట్లో గడ్డిగులాబీ, అది నేలని కరుచుకుని పాకుతుంది తప్ప జానెడు ఎత్తు లేవదు. రెండోదాంట్లో నీలం పూల పొద మొక్కలు, ఇప్పటికే మోచేతి పొడుగున్నాయి, అవతల ఏముందో కనబడనివ్వనంత గుబురుగా ఉన్నాయి. ఎదురుగా రాయి. రాయి ముందు మూరెడు వెడల్పు మట్టి పట్టీ, అది దాటితే పచ్చగుడ్డ కప్పిన గొయ్యి. తవ్విన మట్టిని పొద్దున్నే పనివాళ్లు చక్రాల బండిలో కంచె వెనక్కి తోసుకెళ్లి పట్టా కప్పేశారు. వచ్చినవాళ్లకి గొయ్యి కనబడక తప్పదు గాని, అందులోంచి ఎంత మట్టి వచ్చిందో కనబడకూడదని ఈ సైనికుల సమాధుల తోటలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆ పద్ధతిని కొత్తవాళ్లకి నేర్పేది తనే. ఎవరి బిడ్డనో తెచ్చే రోజున కంచె వెనక్కి వెళ్లి, పట్టా సరిగ్గా కప్పారో లేదో చూసి, అంచులు సర్ది వచ్చేది. ఇవాళ వెళ్లలేదు. ఆ పట్టా కింద ఉన్నది ఆయన మీద పడబోయే మట్టి.

ఆయన అన్న మాట మనసులో మెదలగానే అలవాటు కొద్దీ తలెత్తి కంచె అవతలి రాళ్ల షెడ్డు వైపు చూసింది. షెడ్డులోంచి ఉలి చప్పుడు రావడం లేదు. అక్కడున్న మనిషి ఈ ఆయన కాదు. మొగుణ్ణి పేరుపెట్టి పిలవని ఆడదానికి ఉన్నది ఒకే ఒక మాట, దాన్ని ఇద్దరికి ఎలా పంచుతుంది, పంచలేదు, మొదటి మనిషి యుద్ధానికి వెళ్తూ వెళ్తూ ఆ మాట కూడా సంచీలో పెట్టుకు పోయాడు. రెండో మనిషి ఇంట్లో పాపతో చెప్పేటప్పుడు 'మీ నాన్న' అయ్యాడు, పనివాళ్ల దగ్గర 'రాళ్లాయన' అయ్యాడు, ఎదురుగా ఉంటే 'ఇదిగో' అయ్యాడు. ఎందుకిలా అని ఒక్కసారీ అడగలేదు. రాతితో బతికే మనిషి, ఎక్కడ దెబ్బ వేస్తే పగులుతుందో తెలుసు, తెలుసు గనకే అక్కడ వెయ్యడు. పాపకి మాటలొచ్చిన కొత్తలో గోడమీది పటం చూపించి ఇది ఎవరు అంటే 'ఫొటో నాన్న' అనేది, రాళ్లాయన్ని చూపిస్తే 'నాన్న' అనేది, ఇద్దరు నాన్నలుండటం దానికి రెండు జేబులున్న గౌను అంత మామూలు సంగతి. పెద్దయ్యాక ఫొటో నాన్న అనడం మానేసింది గాని ఇంకో పేరు పెట్టలేదు. ఇవాళ ఆ కారులో వస్తూ మనసులో ఏమని పిలుచుకుంటోందో.

పార మట్టిలో గుచ్చింది. మట్టి గుల్లగా ఉంది, నిన్న తనే తిరగేసింది, ఆకు ఎరువు కలిపింది. చేతులకి పని తెలుసు, మనసు లేకపోయినా అవి చేసుకుపోతాయి. ఈ పని నేర్పింది తోటపెద్ద, పోయి చాలా కాలమైంది, అయినా మొక్క పట్టుకున్నప్పుడల్లా ఆ ముసలి గొంతు చెవిలో వినబడుతూనే ఉంటుంది. మొక్క రాయి పక్కన కూర్చోవాలి గాని రాయి ముందు నిలబడకూడదమ్మా. అక్షరాల కింద ఎప్పుడూ పొట్టి మొక్కే, ఎందుకంటే వాన వట్టి మట్టి మీద పడితే బురద చిమ్ముతుంది, చిమ్మిన బురద అక్షరాల్లో ఎండుతుంది, నాలుగు వానాకాలాలు పోయేసరికి పేరు మట్టి కొట్టుకుపోతుంది. నేలని ఆకు కప్పిందనుకో, చినుకు దాని మీద పడి చల్లగా జారిపోతుంది. పొడుగు మొక్కలు రాయికీ రాయికీ మధ్య సందులో. గులాబీ పెడితే దాని నీడ రోజులో ఒక్కసారైనా రాతిని తాకి వెళ్లేలా. అధికారికీ వంటవాడికీ ఒకటే పూలు, ఒకటే వరస, తెలుపు తరవాత పసుపు, పసుపు తరవాత ఎరుపు, మళ్లీ తెలుపు, నడిచేవాళ్లకి పల్లవి తిరిగొచ్చినట్టు రంగు తిరిగి రావాలి. ఒకచోట ఎక్కువ పూయనిచ్చావో, పక్క రాయి తల్లి చూసి కుళ్లుకుంటుంది, బతికున్నప్పుడు ఎలాగూ తప్పదు, పోయాక కూడా పిల్లల మధ్య ఫస్టు ర్యాంకులూ సెకండు ర్యాంకులూ ఎందుకు, అనేవాడు. అని తనే నవ్వేవాడు. ఆమె అప్పటికి పనిలో చేరి కొద్దిరోజులే. కనబడకుండా పోయిన సైనికుల భార్యలకి ఈ తోటలో పనులిస్తున్నారంటే వచ్చింది. చంకలో పాప. మొదటిరోజు ఈ రాళ్ల మధ్య నడుస్తూ ప్రతి రాయి మీదా పేరు చదివింది, ఆయన పేరు లేదు, ఎంత సంతోషంగా ఇంటికి వెళ్లిందో, ఇంటికెళ్లి అత్తయ్యతో లేదత్తయ్యా అని చెప్తే అత్తయ్య కుట్టుమిషను ఆపి, ఆ ముక్క ఇంకోసారి చెప్పమంది.

ఇప్పుడు ఉంది. పేరు. ఎప్పుడూ నోటితో అనని పేరు, రాళ్లాయన చేత్తో చెక్కిన పేరు.

ఈ మడి గీసిందీ తనే. తోటపెద్ద పోయాక పెద్దరికం తన మీద పడింది. సరిహద్దు అవతలినుంచి ఎముకలు తిరిగి రావడం మొదలయ్యాక, కొత్తగా దొరికినవాళ్ల కోసం ఈ మూల నేల చదును చేయించి, పోయిన ఎండాకాలం ఇంట్లో పెద్ద కాగితం పరచుకుని పాప రంగు పెన్సిళ్లతో తనే గీసింది, ఇక్కడ తెలుపు, ఇక్కడ నీలం, ఈ చివర పొద్దుటెండ ఎక్కువ కాబట్టి ఎండకి ఓర్చే గడ్డిగులాబీ. పాప వెనకనించి వంగి చూసి, అమ్మా ఈ చివరి రాయి ఎవరిది అంది. ఇంకా ఎవరూ రాలేదే, వచ్చినవాళ్లది, అంది తను. అలా ఆయనకని తెలియకుండానే ఆయనకి పూలు ఎంచింది. పెళ్లయిన కొత్తలో అద్దెగదిలో కిటికీ గట్టు మీద ఖాళీ రంగుడబ్బాలో ఒక మొక్క పెంచేది, ఏ మొక్కో కూడా అప్పుడు తెలియదు, ఎవరో కొమ్మ ఇస్తే గుచ్చింది. ఆయన పొద్దున్నే డిపోకి వెళ్లే ముందు తాగగా మిగిలిన టీ దాని మొదట్లో పోసేవాడు. అయ్యో చచ్చిపోతుంది అంటే, దానికి మాత్రం నిద్ర తేలొద్దా అనేవాడు. బస్సుల డిపోలో కరెంటు పని ఆయనది, ఇంజన్ల వైర్లు తప్ప ఏదీ బతికించడం చేతకాదు, ఆ మొక్క చచ్చింది, ఆయన దాన్ని డబ్బాతో సహా ఎత్తుకెళ్లి డిపో వెనక పాతిపెట్టి వచ్చి, మంచివాడే, టీ ఎక్కువై పోయాడు, అని పెద్ద మొహం పెట్టి చెప్పాడు. ఆమె నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అప్పుడు పొట్టలో పాప ఉంది. పాప బోర్లా పడటం నేర్చేవేళకి ఆయన్ని యుద్ధానికి పిలిచారు. ఆ తరవాతి వానాకాలం కనబడటం లేదని కబురొచ్చింది. పోయాడని కాదు. కనబడటం లేదని.

ఆ మాటతో ఎలా బతకాలో ఎవరూ నేర్పలేదు. పోయాడంటే ఏడవొచ్చు, వస్తాడంటే తలుపు తీసి పెట్టుకోవచ్చు, కనబడటం లేదంటే ఏం చెయ్యాలి, తాళం చెవి వెతికినట్టు మనిషిని ఎక్కడని వెతకాలి. రోడ్డు మీద వెనకనించి అలాంటి భుజాలు కనిపిస్తే పరుగెత్తి ముందుకెళ్లి మొహం చూసేది. ఒకసారి ఒకాయన భయపడి సంచీ గట్టిగా పట్టుకున్నాడు. అలా మూడేళ్లు. అప్పుడే షెడ్డులో ఈ రాళ్లాయన. ముందు మాటలేమీ లేవు, తను మొక్కల ట్రే మోసుకెళ్తుంటే ఉలి ఆపేవాడు, రాతిముక్కలు ఎగిరి ఆకుల మీద పడతాయని. అంతే. అంతమాత్రం దయకే ఆమె ఒకరోజు కంచె చాటుకి పోయి ఏడ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, కాని అత్తయ్య కుట్టుపని మనిషి, చేత్తో తడిమితేనే గుడ్డలో ఎక్కడ దారం లాగుకుపోయిందో పట్టేస్తుంది.

ఒక సాయంకాలం ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతూ, తల ఎత్తకుండానే అంది అత్తయ్య. "వాడు లేడే అమ్మాయ్. నేను కన్నదాన్ని, నేను చెప్తున్నా. నా కడుపు చెప్తోంది." ఆమె వద్దంది, అలా అనొద్దత్తయ్యా అని నోరు మూయబోయింది. అత్తయ్య దారం కొరికి, చొక్కా మడిచి, మర్నాడు సైనికాఫీసుకి వెళ్లి పెద్దవాళ్ల ముందు నిలబడి అదే ముక్క చెప్పింది, తల్లే చెప్తోంటే ఇంక కాదనేదెవరని వాళ్లు పోయినట్టే రాసేశారు. తరవాత షెడ్డుకి అత్తయ్యే నడిచి వెళ్లింది. రాళ్లాయన్ని కూర్చోబెట్టి, "బాబూ, మా అమ్మాయికి నీడ కావాలి. నాకు కోడలు పోగూడదు, మనవరాలు పోగూడదు. నేనూ మీతోనే ఉంటా. ఇష్టమైతే చెప్పు, లేకపోతే ఈ మాట ఇక్కడే మర్చిపో," అందిట. పెళ్లికి ఆమె వేసుకున్న బట్టలు అత్తయ్య కుట్టినవే. కొలత తీసుకుంటూ నడుము చుట్టూ టేపు చుట్టినప్పుడు ఆ చేతులు ఒక్క క్షణం అక్కడే ఆగాయి, అంతే, తరవాత మామూలుగా, ఊపిరి బిగపట్టకే, పెళ్లిలో తినవా ఏంటి, అంది. ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు పెడుతుంటే బయట వాన. అప్పుడు వానాకాలం.

ఆ వానలో ఆయన బతికే ఉన్నాడు.

ఇది తెలిసి ఎన్నో రోజులు కాలేదు. ఆఫీసరు షెడ్డుకే వచ్చాడు, రాతి మీద ఏం చెక్కాలో చెప్పడానికి, ఆమెనీ పిలిపించాడు. సరిహద్దు అవతల ఖైదీల శిబిరం పక్కన పాతిన చోట దొరికాడమ్మా, చేతికి నంబరు రేకు బిళ్ల ఉంది, ఎముకల పరీక్ష కూడా మీ పాప రక్తంతో సరిపోయింది, అని మెల్లగా చెప్పుకొచ్చి, జబ్బు చేసి పోయినట్టున్నాడు, అని తేదీ చెప్పాడు. తేదీ విని ఆమెకి మొదట ఏమీ తోచలేదు, ఎవరిదో తేదీ లాగే విన్నది. రాళ్లాయనకి తోచింది. చేతిలో సుద్దముక్క పట్టుకున్న మనిషి పట్టుకున్నట్టే ఉండిపోయి, తరవాత లేచి కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ కుళాయి చప్పుడు వింటూ ఆమె లెక్క కట్టుకుంది. కనబడకుండా పోయాక నాలుగేళ్లు బతికాడు. వాళ్ల పెళ్లి మూడో ఏడు వానల్లో. ఆయన పోయింది ఆ మరుసటి ఏడు చలికాలం. మధ్యలో ఒక వానాకాలం నడిచి వెళ్లిపోయింది, ఒక ఎండాకాలం. అప్పుడు తనేం చేస్తోంది, రాళ్లాయనతో కలిసి కొత్తింటికి సున్నం వేస్తోంది, పాపని బళ్లో వేసింది, మొదటిరోజు పాప ఏడవకుండా వెళ్తే తామిద్దరూ గేటు దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, నవ్వింది తను, గట్టిగా నవ్వింది, ఆ నవ్వుకి సరిగ్గా అప్పుడు అక్కడ ఆయన ఏం చేస్తున్నాడో. చలికాలమట. చలికి అసలు ఓర్చుకోలేడు. పాదాలు మంచు ముద్దలు. పడుకోగానే తెచ్చి ఆమె పిక్కలకి ఆనించేవాడు, ఛీ అని దూరం జరిగితే వెతుక్కుంటూ వచ్చేవి, కాసేపటికి వెచ్చబడేవి, వెచ్చబడ్డాక నిద్రపోయేవాడు. అక్కడ ఎలా నిద్రపోయాడు. ఎవరి పక్కన. ఆ శిబిరంలో చాపలుంటాయా, గడ్డి పరుస్తారా. పక్కవాడెవడైనా జాలిపడి కాస్త జరిగి చోటిచ్చాడా.

పార జారి చేతివేలికి తగిలింది. నెత్తురేమీ రాలేదు. గేటు అవతల రోడ్డు మీద ఇంకా దుమ్ము లేవలేదు.

అత్తయ్యకి చెప్పలేదు. దొరికాడని చెప్పింది. ఎక్కడంటే సరిహద్దు దగ్గరంది, ఎప్పుడంటే అప్పుడేనత్తయ్యా, ఆ మొదట్లోనే, అంది. అత్తయ్య తలూపి, సరే, నే చెప్పలేదూ, అంది. చూపు మసకబారి రెండేళ్లయింది గాని చేతులకి మసకలేదు, ఇప్పటికీ తడుముతూనే కాజాలు కుడుతుంది. వచ్చి రాతిని తడుముతుంది. ఈ తోటకొచ్చే ప్రతి తల్లీ తడుముతుంది, చూపున్నవాళ్లు కూడా, అందుకే చాలా రాళ్ల మీద పేరు మొదటి అక్షరం నున్నగా అరిగి ఉంటుంది. తడుముతూ పేరు దాటి కిందకి వస్తే తేదీ. కన్నకడుపు చెప్తోందని నలుగురి ముందూ చెప్పి, బతికున్న కొడుకుని పోయాడని రాయించి, వాడి పెళ్లాన్ని తన చేత్తో బట్టలు కుట్టి ఇంకొకరికిచ్చి పంపానని ఆ ముసలి వేళ్లకి తెలిస్తే ఆ మనిషి ఇంక ఇంటికెలా నడిచి వెళ్తుంది. చొక్కా గుండీ తెగితే కూడా తన తప్పేనేమో అని బాధపడే మనిషి.

నిన్న రాయి నిలబెట్టాక రాళ్లాయన ఆమె పక్కకొచ్చి, వేరే ఎటో చూస్తూ అన్నాడు. "తేదీ ఒక వేలెడు కిందకి దించి చెక్కాను. మిగతా రాళ్లతో చూస్తే తేడా తెలుస్తుంది, నీకైతే తెలుస్తుంది, ఇంకెవరూ పట్టుకోరు. ఏదైనా గుబురుగా నాటితే కమ్మేస్తుంది. నాటకపోయినా సరే. నీ ఇష్టం." ఇన్నేళ్ల పనిలో ఒక్క గీత వంకర పోనివ్వని మనిషి. రేపు నువ్వూ రా, అంది ఆమె. "నేనెవరినని నిలబడను?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు, ఎక్కడ నిలబడాలో చెప్తే నిలబడేవాడే, ఆమెకి చెప్పడం తెలియలేదు. తను ఎక్కడ నిలబడాలో తనకే తెలియదు. పెళ్లాంగానా, అలా నిలబడితే షెడ్డులో ఉన్న మనిషి ఏమవుతాడు. తోటమనిషిగానా, అలా నిలబడితే పెట్టెలో వస్తున్న మనిషి ఏమవుతాడు.

రోడ్డు మీద దుమ్ము లేచింది. ఇంక ఆలోచించడానికి వేళ లేదనుకునేసరికి చేతులే నిర్ణయించుకున్నాయి. నీలం పూల పొదని ట్రేలోంచి తీసి, వేళ్లు విప్పి, రాతికి దగ్గరగా, ఏ కొత్త పనివాడైనా అలా పెడితే పీకి అవతల పారేయించేది, అంత దగ్గరగా గుంట తీసి పెట్టింది. పక్కన ఇంకొకటి. వాటి పక్కన ఇంకొకటి. మట్టి అదిమింది. ఆకులు లేచి తేదీని కమ్మేశాయి. చేతులు పనిబట్టలకి తుడుచుకుని, అటూ ఇటూ రాళ్ల ముందు మాత్రం గడ్డిగులాబీ నాటింది, తొందర తొందరగా, మొహం చూసుకోవడం ఇష్టంలేనివాడు అద్దం ముందు తల దువ్వుకున్నట్టు.

పెట్టె పూర్తి పొడుగుదే. మోస్తున్న నలుగురు సిపాయిల నడక చూస్తేనే తెలిసిపోతోంది, లోపల బరువు లేదని. మర్యాద కోసం బరువున్నట్టు నడుస్తున్నారు. వెనక ఆఫీసరు, ఆ వెనక పాప భుజం పట్టుకుని అత్తయ్య. పాప అంటే ఇంకా పాపేం కాదు, అత్తయ్యకి ఊతమయ్యేంత ఎదిగింది, నడుస్తూ పెట్టెనే చూస్తోంది, ఆ పెట్టెలో పరిచయం లేని చుట్టం ఉన్నట్టు, పలకరించాలో లేదో తెలియనట్టు. పెట్టెని గొయ్యి పక్కన బల్ల మీద దించారు. ఆఫీసరు ఏదో చెప్పబోయాడు. అత్తయ్య చెయ్యి ఎత్తి ఆపి, "ముందు రాయి ఏది?" అంది.

ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. అత్తయ్య రెండు చేతులూ రాతి మీద పెట్టి, మొహం తడిమినట్టు అంచులన్నీ తడిమి, పేరు దగ్గరకొచ్చి ఒక్కో అక్షరం లోపలికి వేలు పెట్టి చూసింది. "బాగా చెక్కాడు," అంది. "మెత్తగా చెక్కాడు." వేలు కిందకి దిగింది. ఆకులు తగిలాయి. వేలు ఆగింది. ఆకుల్లోంచి లోపలికి పోబోయి, మర్యాద కాదన్నట్టు మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇదేంటమ్మాయ్. అక్షరాల మీద ఆకు పడుతోంది."

ఆమె వంగి మొక్కల మొదట్లో మట్టి ఇంకోసారి అదిమింది.

"నువ్విలా నాటవుగా. రాయి ముందు పొడుగు మొక్క పెడితే ఒప్పుకోవుగా. ఎన్నిసార్లు విన్నాను నీ నోట."

"ఇక్కడ ఎండ ఎక్కువని, అత్తయ్యా."

అత్తయ్య తల తిప్పి ఆమె ఉన్న వైపు చూసింది. సరిగ్గా కనబడదు, అయినా చూసింది. చాలాసేపు చూసింది. తరవాత పాపతో మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో, "తీసెయ్యమ్మా. వాడి మొహం మీద ఏదీ పడనివ్వకు," అంది.

అప్పుడే నాటినవి, వేళ్లు ఇంకా నేలని పట్టుకోలేదు, లాగితే చాలు వచ్చేశాయి. ఒకటి, ఇంకొకటి, మూడోదాన్ని లాగలేక మట్టితో సహా పట్టుకుని కూర్చుండిపోతే పాప వచ్చి వంగి, అమ్మ చేతిలోంచి మెల్లగా విడిపించి తీసింది. అత్తయ్య వేలు తేదీ మీద నడిచింది. రోజు. నెల. ఏడు. ఏడు దగ్గరికొచ్చి మళ్లీ మొదటికి వెళ్లింది. మళ్లీ నడిచింది. ఆఫీసరు బూట్ల వైపు చూసుకుంటున్నాడు. సిపాయిలు కదలలేదు. ఇప్పుడు పడిపోతుంది ఈ మనిషి, ఇప్పుడు రాతికేసి తల కొట్టుకుంటుంది, పట్టుకోవాలి, అని ఆమె చేతులు చాపింది.

"నాలుగేళ్లు ఎక్కువ బతికాడా నా కొడుకు," అంది అత్తయ్య.

ఆ గొంతులో ఒక వెలుగుంది, దాచలేని వెలుగు, కొడుకు పరీక్షలో గట్టెక్కాడని విన్న తల్లి గొంతు. నాలుగేళ్లు. అన్నం తిన్నాడు, నీళ్లు తాగాడు, ఎవరితోనో మాట్లాడాడు, పొద్దున్నే లేచాడు. అవన్నీ అప్పటికప్పుడు చేతికొచ్చినట్టు అత్తయ్య అరచెయ్యి విప్పి, మూసింది. తరవాత మెల్లిమెల్లిగా ఆ వెలుగు మొహంలోంచి దిగిపోవడం అందరూ చూశారు. "మీ పెళ్లి దీనికి ముందు కదూ," అంది.

"ముందేనత్తయ్యా. మీకు తెలియకూడదని..."

"నా కడుపేం చెప్పలేదే అమ్మాయ్." అత్తయ్య రాతి మీద చెయ్యి తీయకుండానే అంది. "ఒక్కనాడు కూడా చెప్పలేదు, వాడు పోయాడని. రోడ్డుమీద అందరి మొహాలూ చూస్తూ పరుగులు పెడుతున్నావ్, నువ్వూ పోతావేమోనని భయమేసింది. ఎవరో ఒకళ్లయినా మిగలాలి గదా. కడుపు మీద పెట్టి అబద్ధం చెప్పాను."

ఆమె అత్తయ్య ఒళ్లో తల పెట్టేసింది. ఈ మనిషి, ఈ సూదిపోట్ల వేళ్ల మనిషి, కొడుకు బతికున్నాడని నమ్ముతూనే వాడు లేడని రాయించి, నమ్ముతూనే టేపు చుట్టి కొలత తీసి, నమ్ముతూనే ఇన్నేళ్లు ఆ కొత్తింట్లో రాళ్లాయన పళ్లెంలో వడ్డించింది. తలుపు గడియ వేసే ముందు రోజూ ఒకసారి బయటికి తొంగిచూసేది. గాలి ఎలా ఉందోనని, అనేది అడిగితే.

పాప రెండు చేతుల్లో పొద మొక్కలు పట్టుకుని నిలబడి ఉంది. అత్తయ్య తల ఎత్తి, "నాన్నని పిలుచుకురావే," అంది. పాప తడుముకోకుండా మొక్కలు కింద పెట్టి షెడ్డు వైపు వెళ్లింది. రాళ్లాయన వచ్చాడు, ఒంటినిండా రాతిపొడితోనే, కంచె దాటి నాలుగడుగులేసి ఆగిపోయాడు. అత్తయ్య ఆ అడుగుల చప్పుడు వైపు తిరిగి, "అక్కడ కాదు బాబూ, ఇలా రా. వాడికి అన్నదమ్ములు లేరు. నువ్వొక చెయ్యి వెయ్యి," అంది. పెట్టెని తాళ్ల మీద దించేటప్పుడు ఒక సిపాయి పక్కకి తప్పుకుని తన చేతిలో తాడు రాళ్లాయనకి ఇచ్చాడు. బరువు లేని పెట్టె నెమ్మదిగా దిగింది. దించుతున్నంతసేపూ రాళ్లాయన గొయ్యిలోకి చూస్తూ ఏదో గొణుగుతున్నాడు, ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. ఆఫీసరు మడతపెట్టిన జెండా పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక నిలబడితే పాపే ముందుకొచ్చి చేతులు చాపి తీసుకుంది.

అందరూ వెళ్లాక కూడా అత్తయ్య లేవలేదు. రాళ్లాయన పాపని తీసుకుని మంచినీళ్ల కోసం షెడ్డుకి వెళ్లాడు. పట్టా తీసి, పనివాళ్లు మట్టిని బండ్లలో తెచ్చి గొయ్యి పూడ్చి చదును చేసి వెళ్లేదాకా ఇద్దరాడవాళ్లూ గోనెపట్టా మీద పక్కపక్కనే కూర్చుని ఆ చప్పుడు విన్నారు. రాయి ముందు, మొక్కలు పీకిన చోట, నేల బోసిగా ఉంది. గడ్డిగులాబీ ట్రే అందేంత దూరంలోనే ఉంది గాని ఆమె చెయ్యి చాపలేదు.

"వాడికి తెలిసుంటుందంటావా?" అంది అత్తయ్య.

"ఏదత్తయ్యా?"

"నీకు పెళ్లయిందని."

"ఎలా తెలుస్తుంది. ఇక్కడి సంగతులు అక్కడికి మోసుకెళ్లేదెవరు. తెలిసుండదు." ఓదార్పు అనుకునే అంది ఆమె.

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది కాసేపు.

"తెలిసుంటే బాగుండేది," అంది. "ఎదురుచూపు లేకుండా పోయేవాడు."

ఆమె అత్తయ్య చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మడికి అవతలి చివర గడ్డి కోసే యంత్రం మనిషి నిలబడి ఉన్నాడు. పోయినవాళ్ల కుటుంబం తోటలో ఉన్నంతసేపూ యంత్రం నడపకూడదు, వాళ్లు లేచి గేటు దాటాకే పని. అతను టోపీ చేత్తో పట్టుకుని మధ్యాహ్నందాకా అలాగే కనిపెట్టుకుని ఉన్నాడు. ఎండ నడినెత్తి మీదికొచ్చినా వాళ్లు లేవకపోయేసరికి, యంత్రాన్ని చప్పుడు కాకుండా చేత్తో తోసుకుంటూ కంచె పక్కనించి వెళ్లిపోయాడు. ఆ రోజుకి సగం మడిలో గడ్డి కోయకుండానే ఉండిపోయింది.